గుట్టకింద చేనులో తీగముక్కలు

తిరుపతి,
9 ఫిబ్రవరి 2025

అత్తకు,

నిన్న మామ ఫోను చేశాడు. మిగిలిన మూడు ఆవులనూ అమ్మేద్దామని నువ్వే అంటున్నావట. "మీ అత్తకు ఏమైందో తెల్దు కోడలా, వారం దినాలుగా అదే మాట. నువ్వన్నా రాయి. నా మాట యాడ వింటాది? చెవులు బాగున్నప్పుడే విన్లేదు" అన్నాడు. అని తనే నవ్వుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

జ్వరంలో నీ చెవులు పోయిన ఈ ఆరేళ్ళలో మనం మాట్లాడుకున్నదంతా కాగితం మీదే. ఫోనులో మామ మధ్యలో ఉంటే నీ మాట సగం, ఆయన మాట సగం వస్తుంది. నాకూ నోటితో చెప్పడం కంటే రాయడమే సులువని నీకు తెలుసు. అందుకని సూటిగా రాస్తున్నాను. అమ్మవద్దు అత్తా.

బెల్లం పోయిన భయం నీకింకా ఉంది. ఆ ఆవు ఒంటి రంగు చూసి ఆ పేరు పెట్టింది నేనే. డిసెంబరులో అది మేత మానేసి, వీపు వంచి నిలబడి, తొమ్మిది రోజుల్లో పోయింది. డాక్టరు కోసి చూస్తే ఇనుప తీగ ముక్క కడుపులోంచి గుండెకు గుచ్చుకుని ఉంది. తక్కిన మూడింటికీ అదే గతి పడుతుందని నువ్వు అనుకుంటున్నావు. అంతేనా?

నేను పనిచేసే పశువైద్య కళాశాల గ్రంథాలయంలో దీని గురించి ఉన్నవన్నీ చదివాను. మన వైపు ఇది జరిగే తీరు తేలిగ్గానే అర్థమైంది. టమాటాకు కట్టెలు పాతి తీగ లాగుతాం. పంట అయ్యాక తీగ చుట్టి తీసేస్తాం, కొంత నేలలో ఉండిపోతుంది. దున్నేటప్పుడు ట్రాక్టరు రోటవేటర్ దాన్ని ముక్కలు చేస్తుంది. తర్వాత అదే చేలో పశువులకు జొన్న వేస్తాం. ముక్కలు జొన్న మొదళ్ళకు చుట్టుకుని మోపులో వస్తాయి. మోపు గడ్డి కత్తిరించే మిషనులోకి పోతుంది, అక్కడి నుంచి తొట్టిలోకి.

దేవేంద్ర సారని ఒకాయన మా గ్రంథాలయానికి వస్తుంటారు. ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూస్తారు. పిల్లలతో లోహాన్ని పసిగట్టే యంత్రాలు చేయిస్తారు. కొండకు పోయేటప్పుడు అలిపిరిలో మన ఒంటి మీద తిప్పేలాంటిదే, పొడుగు పిడికి బిగించి నేల మీద తిప్పుతారు. వేరే దేశాల్లో వేసవి వస్తే ఇలాంటి యంత్రాలతో గుంపులుగా పొలాల్లోకి దిగి పాత నాణేలు వెతుకుతారట, అదొక జాతర. మనం తీగ వెతుకుదాం. మే నెలలో చేలన్నీ ఖాళీగా ఉంటాయి. ఒక్క ఆదివారం చాలు.

జూన్ దాకా ఆగు. అంతకంటే అడగను.

నీ మేనకోడలు నందిత


నల్లగుట్టపల్లె, పలమనేరు దగ్గర,
21 ఫిబ్రవరి

నందూ పాపకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నీ కోసం, ఇంకోసారి ఆ తీగ సంగతి కోసం.

జూన్ దాకా ఆగుతాను. బేరగాడికి మామ కబురు పెట్టాడు, వేసవి అయ్యాక రమ్మని. అంతవరకు నీ మాట నిలబెట్టినట్టే.

మామ మన పక్క చేను మునీంద్రన్న దగ్గరికి పోయి ఆయన చేనులోనూ వెతుకుతామని అడిగాడు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను ఎదురుగా కూర్చుని నోళ్ళు చదివాను. ఈ ఊళ్ళో నాకు రాని నోరు లేదు. మీసాలు పెద్దవైతే కొంచెం కష్టం.

"ఏమప్పా తులసీరామా, మిషన్లు తెచ్చి నా చేన్లో నిధి తవ్వేదానికా?" అన్నాడు మునీంద్రన్న.

"నీ చేన్లో నిధి ఉంటే నువ్వు ఆ డొక్కు బండి మింద యాల తిరుగుతావబ్బా?"

"అది కాదప్పా. బంగారం దొరికితే నాది. ఇనుము దొరికితే మీది. ఒప్పుకుంటే రమ్మను."

మామ ఒప్పుకుని వచ్చాడు. ఇంటికి వచ్చాక, "సూస్తివా, ఆయప్ప ఇనుము మనకు దానం చేసినాడు" అని పలక మీద రాసి చూపించాడు.

ఒక్క మాట. మునీంద్రన్న చేను చూసుకోండి, బోరు పక్క మన చేను చూసుకోండి. గుట్టకింద చేను జోలికి పోవద్దు. అందులో టమాటా వేసిన ఏడు దానికి తీగ లాగలేదు, ఉత్త పురికొసతోనే కట్టాము. అక్కడ ఏమీ లేదు. ఊరికే పిల్లలను ఎండలో నడిపించినట్టవుతుంది.

నువ్వు సరిగ్గా తింటున్నావా? హాస్టల్లో చారు నీళ్ళ మాదిరి ఉందని రాశావు. ఊరగాయ పంపుతాను.

అత్త వనజాక్షి


తిరుపతి,
10 మార్చి

అత్తకు,

ఊరగాయ అందింది. గదిలో నలుగురం ఉన్నాం, నా వాటాకు అడుగు మిగిలింది. ఫిర్యాదు కాదు.

పురికొస సంగతి చదివాను. సరే.

మే 18 ఆదివారం ఖాయమైంది. ఇరవై రెండు మంది, తొమ్మిది యంత్రాలు. దేవేంద్ర సారు పద్ధతి మనిషి. చేనును తాళ్ళతో పట్టీలుగా విడదీస్తారు. పట్టీకొక మనిషి. చేతి లోతు కంటే ఎక్కువ తవ్వకూడదు. చేనుకొక డబ్బా, దాని మీద చేను పేరు. దొరికింది ఇనుప మేకైనా సీసా మూతైనా ఆ డబ్బాలోనే వేయాలి. పాతకాలపు వస్తువు ఏదైనా కనిపిస్తే పని ఆపి గ్రామ సచివాలయానికి చెప్పాలి. మునీంద్ర పెదనాన్న బంగారం విషయంలో చట్టం ఆయన వైపు లేదని మామ మెల్లగా చెప్పాలి. నేను చెప్పలేను.

అనుమతి కోసం స్టేషనుకూ తహసీల్దారు ఆఫీసుకూ కాగితాలు ఇచ్చాను. నా సంగతి తెలుసుగా. ఎస్సై గారు "చెప్పమ్మా" అన్నారు. అన్నీ రాసి తీసుకుపోయిన కాగితం చేతికిచ్చి నిలబడ్డాను. ఆయన చదివి, "ఆవుల కోసమా? నిధి కోసం కాదు గదా?" అన్నారు. తల ఊపాను. "ఏ ప్రశ్నకమ్మా తల ఊపినావు?" అన్నారు. మళ్ళీ కాగితం అడిగి తీసుకుని, కింద "ఆవుల కోసమే" అని రాసి ఇచ్చాను. నవ్వుతూ సంతకం పెట్టారు.

నేను కాన్వెంటులో చదివేటప్పుడు నువ్వు రాసిన ఉత్తరాలు సిస్టర్ విప్పి చదివాకే మాకు ఇచ్చేవారు. అందుకే నువ్వు ఎప్పుడూ కోళ్ళ సంగతి, వానల సంగతి రాసేదానివి. నేను మార్కుల సంగతి రాసేదాన్ని. ఇప్పుడు మధ్యలో ఎవరూ చదవరు. అయినా మనం అలాగే రాసుకుంటున్నామేమో అనిపించింది.

ఆవులు ఎలా ఉన్నాయి?

నందిత


నల్లగుట్టపల్లె,
29 మార్చి

నందితకు,

ఆవులు బాగున్నాయి.

డిసెంబరు నుంచి గడ్డి బయట కొంటున్నాము. గుట్టకింద చేను బీడుగానే ఉంచాను. గడ్డి మిషను ఇప్పుడు మామే తిప్పుతున్నాడు. నాకు నడుము నొప్పి.

ఊళ్ళో నీ యంత్రాల సంగతి పాకింది. మునీంద్రన్న చేను గట్టున ఎవరో మూడు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ పెట్టి పోయారు. మీకంటే ముందు తామే నిధిని లేపుదామని కాబోలు. మునీంద్రన్న పెళ్ళాం మునిలక్ష్మి ఆ నిమ్మకాయలు తెచ్చి పులిహోర కలిపేసింది. "దయ్యం ఉంటే అరుగుతాది లే" అంది. మాకూ ఒక గిన్నె పంపింది. బాగుంది.

ఇరవై రెండు మందికి పొద్దున రాగి సంగటి, చట్నీ, మజ్జిగ. మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయ. పట్నం పిల్లలు సంగటి తింటారా? తినకపోతే ఉప్మా చేస్తాను. రాయి.

ఇంకొకటి. ఈ నెల మొదటి శనివారం మునీంద్రన్న పలమనేరు బస్టాండులో నిన్ను చూశాడంట. స్టేషను నుంచి వచ్చి తిరుపతి బస్సు ఎక్కావంట. "మీ కోడలు ఈడిదాకా వచ్చి ఇంటికి రాలేదా?" అని అడిగాడు. ఆయన నోరు స్పష్టంగానే చదివాను. పని తొందర ఉందిలే అన్నాను.

పలమనేరు నుంచి మన ఊరు ఇరవై నిమిషాలు. డిసెంబరు నుంచి నువ్వు రాలేదు. ఏమైనా తప్పుగా మాట్లాడానా?

అత్త


తిరుపతి,
13 ఏప్రిల్

అత్తా,

నువ్వు తప్పుగా ఏమీ మాట్లాడలేదు. ఈ ఉత్తరం రాయడం ఇది నాలుగోసారి. మూడు చించేశాను.

ఆ రోజు వచ్చేటప్పుడు దారిలో పూతలపట్టు దగ్గరే బస్సు దిగి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. కాగితాల కోసం పలమనేరు దాకా వచ్చాను. మన ఊరి బస్సు ఎదురుగా ఆగి ఉంది. ఎక్కలేకపోయాను.

గుట్టకింద చేనుకు ఆ ఏడు తీగ లాగారు. నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని తీసింది నేనే.

రెండేళ్ళ కిందట పరీక్షలు అయ్యాక సెలవులకు వచ్చాను. టమాటా రేటు పడిపోయింది. కోత కూలికి కూడా రాదని మామ తోట తీసేద్దామన్నాడు. గుట్ట వైపు ఆరు సాళ్ళు నాకు అప్పగించాడు. ప్రతి కట్టె దగ్గరా ముడి విప్పి, తీగను మోచేతికి చుట్టుకుంటూ రావాలి. ఒక మధ్యాహ్నం పడుతుంది. కానుగ చెట్టు కింద నా నవల సగంలో తెరిచి ఉంది. నేను మామ పెట్టెలోంచి కటింగ్ ప్లేయర్ తీసుకుని ప్రతి ముడికీ రెండు పక్కలా కత్తిరించుకుంటూ పోయాను. పొడుగు తీగలు చుట్ట చుట్టాను. ముడుల దగ్గరి ముక్కలు ఎక్కడివి అక్కడే పడ్డాయి. గంటలో అయిపోయింది. "మా కోడలు జోరు సూడండ్రా!" అని మామ కూలీలందరి ముందూ అన్నాడు. నాకు ఆ మాట బాగుండింది. చెట్టు కిందికి పోయి చదువుకున్నాను.

డిసెంబరులో డాక్టరు తీసిన ముక్కను మామ ఫోటో తీసి నాకు పంపాడు. వేలెడు ఉంది. దాని ఒక మొన ప్లేయర్ మధ్య నొక్కుకుపోయి చప్పిడిగా ఉంది. చూడగానే గుర్తుపట్టాను.

బెల్లాన్ని చంపింది నేను. యంత్రాలు, కాగితాలు, ఇరవై రెండు మంది, ఇదంతా దాని కోసమే. నువ్వు పురికొస అని రాసినప్పుడు నీకు అన్నీ తెలుసని, నన్ను కాపాడుతున్నావని అనుకున్నాను. ఆ రాత కింద దాక్కుని నెలన్నర గడిపాను.

పట్నం పిల్లలు సంగటి తింటారు. సందేహం లేదు.

నందిత


నల్లగుట్టపల్లె,
25 ఏప్రిల్

నందూ,

నువ్వు ప్లేయర్‌తో కత్తిరించిన సంగతి నాకు తెలియదు. ఆ రోజు నేను సూడి ఆవును పట్టుకుని ఆస్పత్రికి పోయి ఉన్నాను. నీ ఉత్తరం చదివే దాకా తెలియదు.

చదివాక కోపం వచ్చింది. రెండు రోజులు ఉండింది. పక్కన ఉంటే ఒక్కటి వేసేదాన్నే. మూడో రోజు పాలు పితుకుతుంటే పోయింది. ఎందుకు పోయిందో రాస్తాను, నిదానంగా చదువు.

పురికొస అని రాసింది నిన్ను కాపాడేదానికి కాదు. నన్ను నేను దాచుకునేదానికి.

గడ్డి మిషనులో తీగ పడితే టంగుమని మోగుతుంది. నా చెవులు బాగున్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. వినగానే స్విచ్చి ఆపి, మోపు విప్పి, తీగ తీసి పారేసి మళ్ళీ మొదలుపెడతాము. మునీంద్రన్న ఇంట్లో నెలకు రెండుసార్లన్నా ఆపుతారు. అందరూ టమాటా వేసేవాళ్ళే, అందరి చేలల్లోనూ తీగ ఉంటుంది. ఆవులను కాపాడేది ఆ చప్పుడే.

ఆరేళ్ళుగా నేను ఒక్కసారి కూడా మిషను ఆపలేదు.

పొద్దున మామ పాలు పోసేదానికి పోతాడు. ఆయన వచ్చేలోపల నేను గడ్డి కత్తిరించి తొట్లకు వేసేస్తాను. నాకెప్పుడూ తట్టలేదు పాపా. మా చేలు శుభ్రంగా ఉన్నాయి కాబోలు అనుకునేదాన్ని. నవంబరులో కత్తి అంచున రెండు గాట్లు చూశాను. రాయి తగిలిందేమో అనుకున్నాను. నెల తిరక్కుండానే బెల్లం పడుకుంది.

రోడ్డు పక్కన కల్వర్టు పని జరిగినప్పుడు అక్కడ మేస్తూ తీగ మింగి ఉంటుందని నాకు నేను చెప్పుకుంటున్నాను. గుట్టకింద చేనులో తీగ దొరికితే ఆ మాట చెప్పుకోలేను. నీ చేతిలోంచి పడిన ముక్క నా చేతి మీదుగానే దాని నోట్లోకి పోయింది. చెవులున్న మనిషి చేతిలో అయితే పోయేది కాదు.

చెవిటిదానికి పశువులెందుకని ఎవరూ అనలేదు. మామ అసలే అనడు. నేనే అనుకున్నాను. అందుకే అమ్ముతానన్నది. నడుము నొప్పి లేదు.

సిస్టర్ చదివినా పర్వాలేదు. రాసేశాను.

అత్త


తిరుపతి,
2 మే

అత్తా,

నీ ఉత్తరం చదివి గ్రంథాలయంలో పుస్తకాల అరల వెనక కూర్చుండిపోయాను. లైబ్రేరియన్ మేడం వచ్చి టీ ఇచ్చి పోయింది.

నువ్వు చెప్పిన చప్పుడు గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

నేను ముక్కలు అక్కడక్కడా పడేసి పోకపోతే నీకు వినాల్సిన పనే ఉండేది కాదు. నువ్వు ఒప్పుకోవని తెలుసు. వాదించను. ఒకటే అడుగుతాను. గుట్టకింద చేను చూద్దాం. మొదట అదే చూద్దాం. అది నువ్వు ఒప్పుకుంటేనే.

పదిహేడో తేదీ సాయంత్రమే ఇంటికి వస్తున్నాను. ఒక్కటి వేస్తానన్నావు, అప్పుడు వేయి.

నందూ


నల్లగుట్టపల్లె,
9 మే

నందూ,

చూడండి. కానీ తీగ దొరికితే ఆవులు పోతాయి. ముందే చెబుతున్నాను, తర్వాత ఏడవద్దు. నేనూ ఏడవను.

పదిహేడున రా. నీకిష్టమని పనసకాయ తెప్పించాను.

అత్త


తిరుపతి,
25 మే

అత్తా,

పదిహేడు రాత్రి వంటల హడావిడిలో, మర్నాడు ఇరవై మంది మధ్య మనం నాలుగు ముక్కలు కూడా మాట్లాడుకోలేదు. నీకు వినపడనివి ఉన్నాయి. అవి రాస్తాను.

పొద్దున ఆరుకల్లా తాళ్ళు కట్టారు. పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. వాళ్ళను చూసి మామ, "ఈళ్ళకూ ఏమీ వినపడదా? పాపం, మా ఇంటామెకు తోడు దొరికినారు" అన్నాడు.

మునీంద్ర పెదనాన్న తన చేను గట్టున గొడుగు వేసుకుని కదలకుండా కూర్చున్నాడు. తొమ్మిది గంటలకు ఒక యంత్రం గట్టిగా కూసింది. ఊరంతా వచ్చింది. ఆయన గొడుగు పారేసి పరిగెత్తి, "ఎవరూ ముట్టద్దు! ఎవరూ ముట్టద్దు!" అని అరిచాడు. తవ్వితే టిఫిన్ క్యారియర్ మూత. తుడిచి చూస్తే దాని మీద పోలేరమ్మ అని చెక్కి ఉంది. ఆయన అమ్మ పేరు. చేలోకి అన్నం తెచ్చేటప్పుడు మూత ఎప్పుడో జారిపడి ఉంటుంది. ఆయన దాన్ని తీసుకుని ఇంకోసారి తుడిచాడు. తర్వాత దేవేంద్ర సారుతో, "ఇది గూడా సచివాలయంలో ఇయ్యాల్నా అప్పా?" అని అడిగాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

నువ్వు మజ్జిగ తీసుకుని గుట్టకింద చేనుకు వచ్చినప్పుడు దేవేంద్ర సారు నీ చేతికి ఒక యంత్రం ఇచ్చారు. నువ్వు వద్దని చెవులు చూపించావు. ఆయన నాతో, "దీనికి చప్పుడు అక్కర్లేదమ్మా. ఇనుము మీదికి పోతే పిడి వణుకుతుంది. పట్టుకుని చూడమనండి" అన్నారు. నేను పలక కోసం వెతికేలోపలే నువ్వు పిడి పట్టుకున్నావు. రెండడుగులు వేసి ఆగావు. కాలితో నేల చూపించావు. నేను తవ్వాను. తీగముక్క. నా ముక్కే.

అలా ఎంతసేపు నడిచామో. నువ్వు కాలితో చూపించడం, నేను తవ్వి డబ్బాలో వేయడం. వెనక మామ మునీంద్ర పెదనాన్నతో అన్నది విన్నాను. "సూడబ్బా దాన్ని, పొద్దున్నుంచి అన్నం లేదు నీళ్ళు లేదు, సాలు తప్పకుండా నడస్తా ఉండాది. ఇట్లాంటి మనిషి ఆవుల్ని అమ్మేసి ఏం జేస్తాది? నన్ను మేపుతాదా?" అన్నాడు. నవ్వుతున్నాడనుకుని తిరిగి చూశాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

సాయంత్రం డబ్బాలు చూశారు. బోరు పక్క చేను డబ్బాలో గుప్పెడు. మునీంద్ర పెదనాన్నది సగం. గుట్టకింద చేనుది నిండి, పక్కన గోతం మీద పోశారు. నువ్వు ఆ కుప్ప చూసి లోపలికి వెళ్ళిపోయావు. నాకు బస్సు వేళ అయింది. నువ్వు నా తల మీద చేయి పెట్టావు.

నువ్వు చెప్పిన షరతు నాకు గుర్తుంది. నేను ఏడవను. కానీ ఏం చేస్తున్నావో నువ్వే రాయి. మామ చేత చెప్పించవద్దు.

నందూ


తిరుపతి,
6 జులై

అత్తా,

నెల దాటింది. జవాబు లేదు. మామకు ఫోను చేస్తే, "నన్నడగద్దు కోడలా, నా నోటికి తాళం ఏసినాది. రాస్తే తనే రాస్తాదంట" అని పెట్టేస్తున్నాడు.

బేరగాడు వచ్చాడా? పోనీ, అమ్మేసినా రాయి. నీ మీద కోపం రాదు. తెలియకపోతే పని చేయలేకపోతున్నాను.

నందూ


నల్లగుట్టపల్లె,
10 ఆగస్టు

నందూ పాపకు,

కబురు లేకుండా రెండు నెలలు నిన్ను ఏడిపించాను. తేలకుండా రాయకూడదని పట్టుదల. ఇప్పుడు తేలింది, రాస్తున్నాను.

యంత్రం పట్టుకుని నడిచిన మర్నాడు కూడా నా అరచేతిలో ఆ వణుకు ఉండినట్టే అనిపించింది. పాలు పితుకుతూ అదే ఆలోచన. ఇనుముకు నోరే కాదు, వణుకు కూడా ఉంటుంది కదా, గడ్డి మిషను మాత్రం వణకకుండా ఉంటుందా అనుకున్నాను. పోయి మిషను ముందు నిలబడి, గడ్డి తోసే రేకు మీద ఎడమచేయి ఆనించాను. మామను పిలిచి గడ్డిలో తీగముక్క వేయమన్నాను. గోతంలో నిండుగా ఉన్నాయి కదా.

"నీకు పిచ్చా? కత్తి పోతాది" అన్నాడు. పోనీ అన్నాను.

మొదటి రోజు పది వేస్తే నాలుగు పట్టుకున్నాను. మిషను వణుకే పెద్దది, దాని కింద తీగ వణుకు తెలియదు. కళ్ళు తెరిచి ఉంటే అసలు తెలియదు. రేకు మీద కాదు, కత్తి చట్రం పక్కన చేయి పెట్టాలని వారానికి తెలిసింది. అక్కడ తీగ పడితే అరచేతిలో కాదు, మణికట్టులో గుచ్చినట్టు తెలుస్తుంది. గడ్డి తోసేది మామ, పట్టుకునేది నేను. రోజూ పొద్దున పది ముక్కలు. ఆ గడ్డి ఆవులకు వేయలేదులే, గోతిలో పోశాము. కత్తి రెండుసార్లు పలమనేరుకు తీసుకుపోయి సాన పట్టించుకొచ్చాడు. సాన పట్టేవాడు, "ఏమప్పా, తీగలు మేపుతా ఉండావా?" అని అడిగాడంట. "నా పెండ్లాం పరీక్షకు కూచున్నాది" అన్నాడంట.

ఒకరోజు మామ ఏమీ వేయకుండానే వేసినట్టు ముఖం పెట్టాడు. నేను ఆపలేదు. "ఏసినానే!" అన్నాడు. "వెయ్యలేదు" అన్నాను. ఆ రోజు నుంచి మోసం మానేశాడు. జులై ఆఖరుకు పదికి పదీ చిక్కాయి. వరసగా తొమ్మిది రోజులు.

బేరగాడు జూన్‌లో ఒకసారి, జులైలో ఒకసారి వచ్చాడు. రెండుసార్లూ కాఫీ ఇచ్చి పంపాను. మూడోసారి వస్తే కాఫీ కూడా ఇవ్వకుండా తోలి పంపేస్తానని మామ అంటున్నాడు.

షరతు సంగతి. తీగ దొరికితే అమ్ముతానన్నాను. దొరికింది. మాట తప్పాను. నేను మాట తప్పడం నువ్వు ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడు చూడు.

జూన్ వానలకు గుట్టకింద చేనులో జొన్న వేశాము. నిన్న మొదటి కోత. మూడు మోపులు. మామ తోస్తానంటే వద్దన్నాను. కుడిచేత్తో నేనే తోశాను, ఎడమచేయి చట్రం మీద. మొదటి మోపు పోయింది. రెండోది పోయింది. మూడోది సగంలో ఉండగా మణికట్టులో తెలిసింది. స్విచ్చి ఆపాను. మామ పరిగెత్తుకొచ్చాడు, ఆయనకు చప్పుడు వినపడింది. నేను అప్పటికే మోపు విప్పుతున్నాను. జొన్న మొదలుకు చుట్టుకుని ఉంది, ఒక్కటే ముక్క. మీ ఇరవై రెండు మందీ వదిలేసినది. ఎవరు వేసిందని చూడకుండా తీసి పారేశాను.

కత్తిరించినది తొట్లలో వేశాను. రాత్రి నిద్ర రాలేదు, అబద్ధం ఎందుకు. తెల్లవారుజామున లేచి పోయి చూస్తే మూడూ పడుకుని నెమరు వేస్తున్నాయి. వాటి పక్కటెముకల మీద చేయి వేసి కూర్చున్నాను. అక్కడా ఒక వణుకు ఉంటుంది, నిదానంగా. ఒక్కొక్కదాని దగ్గరా కూర్చుని లేచేసరికి ఎండ వచ్చేసింది, పాల వేళ తప్పిపోయింది. మామ తొందర పెడుతున్నాడు.

అత్త